నోటక్షరాల కామందుగారు

మా ఆయన మద్రాసు వెళ్ళింది అచ్చు మిషనుకి రోలర్లు కొనడానికి. తిరిగి తెచ్చింది ఇంగ్లీషు అక్షరాలు. రోలర్లు అరిగిపోతే అచ్చు సరిగా పడదని ఆయనకి నాకన్నా బాగా తెలుసు. అయినా సరే, గోనెపట్టాలో చుట్టిన చెక్కపెట్టె ఒకటి అరుగు మీద దింపించి, దానికి దిష్టి తియ్యమన్నట్టు నా వైపు చూశారు.

యుద్ధం అయిపోయింది గానీ రేషను ఇంకా పోని రోజులవి. అమలాపురంలో మా ఇంటి ముందు వసారాయే మా ప్రెస్సు. కాలితో తొక్కే ట్రెడిల్ ఒకటి, తెలుగు టైపు పోసే అరల పెట్టెలు, అంటే కేసులు, కొన్ని, గోడవారగా కాగితం రీములు. శుభలేఖలూ, సినిమా కరపత్రాలూ, కొబ్బరికాయల కొట్లకి బిల్లు పుస్తకాలూ వేసేవాళ్ళం. మా ఆయన్ని ఊళ్ళో అందరూ ప్రెస్సుగారనే పిలిచేవారు. నన్ను ప్రెస్సమ్మగారనేవారు. ఆ పేరు నాకు పెళ్ళితో రాలేదు, పనితో వచ్చింది. అక్షరాలు పేర్చే ఒక్క కంపోజిటరూ రాజమండ్రిలో పెద్ద ప్రెస్సుకి వెళ్ళిపోయాక, ఇంట్లో ఇంగ్లీషు ముక్క తెలిసిన మనిషిని నేనే మిగిలాను. మా నాన్నగారు హైస్కూలు మాస్టారు. మగపిల్లలు లేకపోవడంతో ఆయనకి వచ్చిన చదువంతా నామీదే రుద్దారు. మా ఆయన ఫోర్తు ఫారం దాకా చదివారు. ఆ నాలుగు ఫారాలతోనే ఏ దొరతోనైనా మాట్లాడగలనని ఆయనకి గట్టి నమ్మకం. దేవుడి దయవల్ల మా వీధికి ఏ దొరా రాలేదు.

పెట్టె విప్పి ఒక్కొక్క అక్షరాన్నీ పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి చూపించారు.

"చూడు. మామూలు టైపు కాదిది. నోట్ల మీద ఉంటుందే, అలాటి చెక్కడం."

నిజం చెప్పాలంటే అందంగానే ఉన్నాయి. ఒక్కొక్క గీత చివరా కాలికి పాదం ఉన్నట్టు చిన్న అడ్డగీత, దాని కొసలు పందెపు కోడి కత్తిలా సన్నగా సాగి ఉన్నాయి. అక్షరం ఒక పక్క బొద్దుగా నల్లగా, రెండో పక్క వెంట్రుకల్లాంటి సన్నటి గీతలతో నీడ పడ్డట్టుగా ఉంది. పది రూపాయల నోటు పైన ఉండే రాత ఎంత దర్జాగా ఉంటుందో అంత దర్జాగానూ ఉన్నాయి. అన్నీ పెద్దక్షరాలే. చిన్నవి లేవు. తెలుగు అసలే లేదు.

ఆ సాయంత్రమే ఆయన ఒక ముక్క అచ్చు తీశారు. అరిగిన రోలర్లు కదా, సిరా ఎక్కడ పడితే అక్కడ ముద్దలు కట్టి, ఆ వెంట్రుక గీతలన్నీ మూసుకుపోయాయి. నోటు అక్షరం కాస్తా బొగ్గుతో గోడ మీద గీసినట్టు వచ్చింది. ఆయన ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి, దూరంగా పెట్టి, తల అటూ ఇటూ తిప్పి చూసి, "కొత్త రోలర్లుంటే ఎంత బాగా పడేవో" అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు.

రోలర్లు ఆ తర్వాత నెలకో ఎప్పుడో కాకినాడ నుంచి వచ్చాయి. అక్షరాలు బాగా పడటం మొదలైంది. కానీ ఎవరిక్కావాలవి? శుభలేఖకి వచ్చినవాళ్ళు తెలుగులోనే వేయించుకునేవారు. మా ఆయన మాత్రం నమూనాగా తన పేరే పెద్దగా వేసుకుని, ఆ కాగితాన్ని గుమ్మానికెదురుగా గోడకి అంటించారు. కింద ఏమీ లేదు. ఉత్త పేరు. వచ్చేపోయేవాళ్ళు చూసి, ఈయనకేదో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందనుకున్నారు.

ఆ గోడ మీద కాగితాన్ని చూసే మిల్లు కామందుగారు మా గుమ్మం ఎక్కారు.

ఈయనకి అంబాజీపేట రోడ్డులో బియ్యం మిల్లుంది. యుద్ధం ముందు అది పాకలో ఆడే చిన్న మర. యుద్ధం రోజుల్లో ఊరందరికీ బియ్యం దొరక్క అల్లాడుతుంటే ఆ మర మాత్రం పెరిగి పెద్ద మిల్లయింది. ఎలా పెరిగిందని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. గౌతమి పాయ మధ్యలో సాగుకొచ్చిన లంక ఒకటి కూడా కొన్నారు. ఇప్పుడు కొత్తగా మేడ కట్టించారు. సిల్కు జుబ్బా, బంగారు గుండీలు, చేతికి గడియారం. టైమెంతయిందండీ అనెవరైనా అడిగితే చెయ్యి వాళ్ళ ముందుకి చాపేవారు, మీరే చూసుకోండన్నట్టు. తెలుగులో సంతకం చేసేటప్పుడు మాత్రం అందరూ కాసేపు మాట్లాడకుండా ఉండాల్సి వచ్చేది.

"ఏవండీ ప్రెస్సుగారూ! ఇయ్యేటండీ, నోటు మీద అక్షరాల్లా ఉన్నాయి?"

"ఆయ్, ఆ బాపతేనండి. మద్రాసు సరుకండి," అన్నారు మా ఆయన, ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికాడన్న సంబరంతో.

"అయితే మా మేడ గృహప్రవేశానికి కార్డులు ఇందులోనే కొట్టెయ్యండి."

"ఇందులో తెలుగు లేదండీ. ఉత్త ఇంగ్లీషండి."

"ఇంగ్లీషులోనే కొట్టండి. నోటు మీద పెద్దగా ఉండేది ఇంగ్లీషే కదండీ? తెలుగు ఎక్కడో పక్కన చీమలబారులా ఉంటాది."

నేను కేసు దగ్గర నిలబడి ఉన్నాను. ఉండబట్టలేక అడిగాను. "మీ చుట్టాలు చదువుకోవద్దాండీ?"

ఆయన నాకేసి జాలిగా చూశారు. "కార్డు చదవడానికా అమ్మా? చూడ్డానికి."

మా ఆయన దగ్గరున్న ఒక ఇంగ్లీషు మాదిరి ఉత్తరాల పుస్తకంలోంచి మేటరు తీశాం. ఫలానా వారు తమ రాకను కోరుచున్నారని దాని అర్థం. ఇంగ్లీషులో 'రిక్వెస్ట్స్ ద ప్లెజర్ ఆఫ్ యువర్ కంపెనీ' అని ఉంటుంది. చిక్కు ఆయన పేరు దగ్గర వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ మాటలకి ఏ అక్షరం ఎంత పడుతుందో చూసి టైపు పోత పోస్తారు కాబట్టి మాకు 'ఇ'లు గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. 'ఎ'లు బొటాబొటీగా ఉన్నాయి. మన పేర్లేమో ఇంగ్లీషులో రాస్తే ప్రతి రెండో అక్షరమూ 'ఎ'యే. కామందుగారి ఇంటిపేరు, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, పైగా 'రైస్ మిల్ ఓనర్ అండ్ లాండ్ లార్డ్' అని ఉండాలన్నారు. తండ్రి పేరు సగంలో 'ఎ'లు అయిపోయాయి.

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నాను.

మా ఆయన 'వి' అక్షరాన్ని తీసి తలకిందులుగా పెట్టారు. "మధ్య అడ్డగీత ఒక్కటే కదా లేనిది. ఎవడు చూస్తాడు?"

అలా ఆ పుణ్యాత్ముడి తండ్రిగారి పేరు చివర్న రెండు గొడుగులు మొలిచాయి. నీడ గీతలు కూడా తిరగబడి, మిగతా అక్షరాలకి ఎండ తూర్పు నుంచీ, వీటికి పడమర నుంచీ వస్తున్నట్టుంది. కామందుగారు కార్డు చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి చూసి, "అబ్బ, గరుగ్గా ఉందండీ, నోటులానే," అని పొంగిపోయారు.

గృహప్రవేశానికి మేమూ వెళ్ళాం. మేడ ముందు పెద్ద పందిరి వేశారు. పక్కన గాడిపొయ్యిల మీద గుండిగలు. బూరెలు గంపలకొద్దీ తీస్తున్నారు. పులిహోర చాపల మీద గుట్టగా పోశారు. ముహూర్తం అయింది, పాలు పొంగించారు. పందిట్లో ఉన్నది మాత్రం అమలాపురం నుంచి వచ్చిన ఒక ప్లీడరుగారు, ఒక డాక్టరుగారు, మేమిద్దరం, సన్నాయి వాళ్ళు. చుట్టాలు లేరు. ఆయన చుట్టాలంతా రాజోలు వైపు పల్లెల్లోనూ, మురమళ్ళ వైపూ ఉన్నారు. ఒక్క బండి రాలేదు. కాలవలో ఒక్క పడవ ఆగలేదు. కామందుగారు పందిరి గుంజ పట్టుకుని రోడ్డుకేసి చూస్తూ, మధ్యమధ్య ప్లీడరుగారితో "వస్తారండీ, మా వాళ్ళు కాస్త నిదానవండీ" అంటున్నారు. వాళ్ళావిడ గుమ్మంలోంచి కదలకుండా నిలబడి ఉంది. ఆవిడ పుట్టింటివాళ్ళు కూడా రాలేదు.

చివరికి మిల్లులో పనిచేసే మనిషిని సైకిలిచ్చి బావమరిదిగారి ఊరు తోలారు. వాడు తిరిగొచ్చేసరికి బూరెలు చల్లారిపోయాయి. వాడు చెమటలు కక్కుకుంటూ చెప్పింది ఇదీ.

"బావమరిదిగారింటికి తాళవండి. గడ్డితాళ్ళు చుట్టిన పురి విప్పేసేరండి. ధాన్యం అంతా దాచేసేరటండి. ఊళ్ళో సగం మంది ఇళ్ళు అలాగే ఉన్నాయండి."

"ఏవొచ్చిందిరా వాళ్ళకి?"

"మీ కార్డు వచ్చిందండి."

ఆ ఊళ్ళో ఇంగ్లీషు కాగితం వచ్చిందంటే అది గవర్నమెంటుది. ఆ రోజుల్లో గవర్నమెంటు పల్లెటూళ్ళకి కాగితం పంపేది ధాన్యం పట్టుకుపోవడానికే. అందులోనూ ఇది నోటు మీద రాతలా ఉంది. అందరూ కలిసి కరణంగారి దగ్గరికి పట్టుకెళ్ళారు. కరణంగారికి ఇంగ్లీషు రాదని ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండటమే ఆయన ఉద్యోగం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూసి, 'రిక్వెస్టు' దగ్గర ఆగి, "రిక్విజిషను" అన్నారట. ధాన్యం జప్తుకి ఆ రోజుల్లో వాడుకలో ఉన్న మాట అది. ఇంకాస్త కిందికి వెళ్ళి, "కంపెనీ" అన్నారట. ఆ రెండు మాటలూ కలిపి విన్నాక ఇంక ఎవరూ మూడో మాట కోసం ఆగలేదు. మిగతా చుట్టాల ఊళ్ళకీ ఆ కబురే పాకింది.

ప్లీడరుగారు పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గు తెచ్చుకున్నారు. మా ఆయన నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. కామందుగారి మొహం ముందు ఎర్రబడింది. తర్వాత మెల్లిగా మారింది. నేను చూస్తుండగానే ఆ మొహంలోకి ఒక వెలుగు వచ్చింది.

"మా బావమరిది కలెక్టరొచ్చి గుమ్మంలో కూకున్నా పురి విప్పనోడండీ," అన్నారు మా ఆయనతో. "అలాటోడు మీ అక్షరం చూసి పారిపోయేడా?"

"ఆయ్," అన్నారు మా ఆయన నా వెనకనుంచే.

ఆ వంటకాలు పారబొయ్యలేరు కదా. లంకలో కౌలు చేసుకునేవాళ్ళని కబురు పెట్టి పిలిపించారు. కార్డులు అందనివాళ్ళు గనక వాళ్ళు హాయిగా వచ్చారు. పిల్లాజెల్లాతో భోజనాల బంతుల్లో కూర్చున్నారు. వాళ్ళలో ఒక ముసలావిడ ఉంది. బక్క మనిషి, గొంతు మాత్రం ఏటికి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి వినపడేది. లంకలో అందరూ ఆవిణ్ణి మామ్మ అనేవారు. బూరెల గంప దాటిపోతుంటే వడ్డించేవాడి పంచె పట్టుకుని ఆపి, "పేద్ద చుట్టాలం మేవేనంటరా ఇయ్యాల. సిగ్గుపడకుండా వెయ్యి," అంది. కామందుగారికి వినబడింది. ఆయన అప్పుడు నవ్వారు.

ఆ ఒక్క కార్డుతో మా అక్షరాలకి గిరాకీ పెరిగిపోయింది. చుట్టాలు రానందుకు ఎవరూ నవ్వలేదు. కరణాన్ని, బావమరిదిని భయపెట్టిన అక్షరాలట కదా, మాకూ కావాలన్నారు. అప్పడాల వ్యాపారి తన లేబులు వాటిలోనే వేయించుకున్నాడు. కోళ్ళకి మందిచ్చే వైద్యుడొకాయన గుమ్మానికి బోర్డులా కట్టుకున్నాడు. సోడా కంపెనీ వాడు సీసాలకి అంటించాడు. తాగిన ప్రతివాడూ నోటు మింగినంత గర్వంగా త్రేన్చేవాడు. స్వరాజ్యం వచ్చి నోట్ల మీద రాజుగారి బొమ్మ పోయి సింహాలు వచ్చినప్పుడు ఒకాయన కంగారుపడుతూ వచ్చి, "మన అక్షరాలు చెల్లుతాయాండీ ఇంకా?" అని అడిగాడు. మా ఆయన గంభీరంగా చెల్లుతాయన్నారు, రిజర్వు బ్యాంకు తాళాలు తన మొలలో ఉన్నట్టు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. కౌలు చేసే రైతులకి హక్కులిస్తూ చట్టం ఏదో వస్తుందని ఊళ్ళో గుసగుసలు బయల్దేరాయి. ఆ చట్టం రాకముందే భూముల్లోంచి కౌలుదార్లని లేపేద్దామని కామందులంతా తొందరపడటం మొదలెట్టారు. మా మిల్లు కామందుగారు మళ్ళీ మా గుమ్మం ఎక్కారు.

"లంకోళ్ళకి నోటీసు కొట్టాలండి. కొబ్బరి వేద్దావనుకుంటన్నాను, లంక ఖాళీ చేసెయ్యాలని."

"ప్లీడరుగారు రాసిచ్చేరాండీ మేటరు?" అనడిగారు మా ఆయన.

"ప్లీడరెందుకండీ? ఆయనిస్తే కోర్టూ అదీ అంటాడు. మీ అక్షరాలు చాలు. పైన నా పేరు పెద్దగా పెట్టండి. కింద ఇంగ్లీషులో గట్టిగా ఓ పది లైన్లు కొట్టండి."

"ఏవని కొట్టమంటారండీ?"

"ఏదో ఒకటి కొట్టండి. ఆళ్ళేం చదువుతారా ఏవన్నానా? చూడగానే గుండె జారిపోవాలి."

ఆయన వెళ్ళాక మా ఆయన కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నారు. "యూ ఆర్ హియర్ బై" అని రాశారు. ఆ తర్వాత పెన్సిలు చెక్కుకున్నారు. కాఫీ తాగారు. మళ్ళీ పెన్సిలు చెక్కుకున్నారు. పెన్సిలు సగం అయింది గానీ వాక్యం ముందుకి కదల్లేదు. ఆ మాటల తర్వాత ఏం వస్తుందో ఫోర్తు ఫారంలో చెప్పలేదట.

"నువ్వు రాయరాదూ?" అన్నారు.

"లంకవాళ్ళని లేవగొట్టే మాటలు నేను రాయను," అన్నాను.

"నువ్వు రాయకపోతే ఇంకెవరో రాస్తారు. మనకి ఖాతాదారు పోతాడు." అంటూనే ఆయన మొహం విప్పారింది. టైపుతోపాటు మద్రాసు కంపెనీ ఇచ్చిన కేటలాగు తీశారు. ఈ అక్షరాల గొప్ప చెప్పే పేజీ ఒకటి ఉందందులో. "ఇదుంది కదా. ఇదే చూసి పెట్టెయ్. ఆయన 'ఏదో ఒకటి' కొట్టమన్నాడు కదా."

ఆ పేజీ నేను ఒకటికి రెండుసార్లు చదివాను. తర్వాత అక్షరాలు పేర్చే స్టిక్కు తీసుకుని ఎంత శ్రద్ధగా కంపోజు చేశానో, నా జన్మలో ఏ శుభలేఖా అంత శ్రద్ధగా చెయ్యలేదు. పేజీ అట్టడుగున ఒక లైను మిగిలింది. అది వదిలేసినా పరవాలేదు. వదలలేదు. మా ఆయన ప్రూఫు చూసి, ఆ చివరి లైను దగ్గర ఆగి, "ఇది మరీ లాయరు రాసినట్టుందే," అని మెచ్చుకున్నారు. కామందుగారు వచ్చి, ఒక్కొక్క కాగితం మీదా నాలిక బయటపెట్టి సంతకం చేసి, లంకకి పంపించారు.

తర్వాత వారంలోపే లంకవాళ్ళు పడవ దిగి మా వసారా ముందుకొచ్చారు. ముగ్గురు మగవాళ్ళు, ముందు మామ్మ. ఒకతని చేతిలో కాగితం ఉంది.

"ప్రెస్సమ్మగారండీ," అంది మామ్మ. "ఇది మీకాడ అచ్చయిందేనంట కదండీ. ఏవుందో చదివి పెట్టండి. ఈళ్ళు మూడ్రోజుల్నించి అన్నం తినట్లేదు."

మా ఆయన నాకు సైగ చేశారు, చదవద్దని. నేను ఇటు తిరిగిపోయాను. కాగితం పట్టుకుని ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెప్పాను.

"పైన కామందుగారి పేరుంది. కింద ఇలా ఉంది. 'ఈ అక్షరములు అతి సుందరమైనవి. శుభలేఖలకును, సబ్బు లేబుళ్ళకును, సంగీత కచేరీ టిక్కెట్లకును మిక్కిలి శోభ నిచ్చును. గౌరవ కుటుంబములవారు వీటినే కోరుదురు. నమూనాల కొరకు వెంటనే వ్రాయుడు.'"

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"లంక మాటేదండీ?" అన్నాడు కాగితం తెచ్చినతను.

"లేదు."

"కాళీ చెయ్యమనేది?"

"లేదయ్యా. చివర్న ఇంకొక్క ముక్కుంది. 'ఒకసారి ఇచ్చిన సరుకు తిరిగి తీసుకొనబడదు.'"

మగవాళ్ళకి ఇంకా అర్థం కాలేదు. మామ్మ మాత్రం కళ్ళు చిన్నవి చేసుకుని, "ఆ కడాకరిది మళ్ళీ చెప్పండమ్మా," అంది. మళ్ళీ చెప్పాను. "దీని కింద సంతకం ఆయనదేనాండీ?"

"ఆయనదే. తెలుగులోనే ఉంది, చూడు."

మామ్మ కొంగు నడుముకి దోపింది. "అయితే పదండి. మీరూ రండమ్మా. మేం చెప్తే ఇంగ్లీషని నమ్మరు."

మా ఆయనకి అప్పటికప్పుడు జ్వరం వచ్చినట్టయింది. ఆయన్ని అత్తగారికి ఒప్పజెప్పి నేను వాళ్ళతో బయల్దేరాను.

కామందుగారు మేడ వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. ఆ రోజు బావమరిదిగారు కూడా వచ్చి ఉన్నారు, ధాన్యం దాచేసిన ఆయనే. లంకవాళ్ళని చూడగానే కామందుగారు కాళ్ళు ఇంకాస్త చాపుకున్నారు. ప్రాధేయపడటానికి వచ్చారనుకున్నారు.

"ఏరా, అందిందా కాయితం?"

"ఆయ్, అందిందండి," అంది మామ్మ చేతులు జోడించి. "చానా మర్యాదగా రాసేరండి. కానీ మాకు సబ్బు లేబుళ్ళు అక్కర్లేదండి బాబూ. మేం సబ్బులు చెయ్యం కదండీ. కచేరీలు కూడా పెట్టవండి."

కామందుగారు అర్థం కాక నాకేసి చూశారు. బావమరిదిగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"ఏటీ ముసల్ది ఏటంటంది?" అన్నారు కామందుగారు.

"మీరు రాసిందానికే బదులు చెప్తన్నానండి. మమ్మల్ని గౌరవ కుటుంబాలన్నారంటండి. మా తాతల కాడ్నించి ఎవరూ అనలేదండి అలాగ. ఆ ఒక్కమాటకే మీకు దణ్ణం పెట్టాలండి." నిజంగానే వంగి దణ్ణం పెట్టింది. "ఇంక ఒకసారి ఇచ్చింది మళ్ళీ వెనక్కి తీసుకోనన్నారు కదండీ. తవరు మాటిచ్చి సంతకం కూడా పెట్టేక ఇంక మాకు బెంగెందుకండీ? లంకలో దుక్కి దున్నుకుంటాం. ఆ చెప్పి పోదావనే వచ్చేం."

"నేనలా రాయలేదే!"

"సంతకం తవరిదేనండి."

ఆయన లేచి నాకెదురుగా వచ్చారు. "ఏవమ్మా? అలా ఉందా అందులో?"

"ఉందండి," అన్నాను. "ఏదో ఒకటి గట్టిగా కొట్టమన్నారు కదండీ."

బావమరిదిగారు ముందు నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుని, "బావా, నా పురి విప్పించింది ఈ అక్షరాలేనా?" అన్నారు. ఆ మాటతో లంక మగవాళ్ళకి కూడా ధైర్యం వచ్చి నోళ్ళకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. కామందుగారు మామ్మ చేతిలో కాగితం లాక్కోబోయారు. ఆవిడ దాన్ని రవికలో దోపేసుకుంది. అక్కడికి ఆయన చెయ్యి వెళ్ళలేదు.

ఆ మర్నాడు ఆయన మా ఇంటికొచ్చి వసారాలో నిలబడి గట్టిగా అరిచారు. ప్రెస్సు తగలబెట్టిస్తానన్నారు. మా ఆయన దుప్పటి ముసుగులోంచి బయటికి రాలేదు. నేను కేటలాగు తెచ్చి కామందుగారి చేతిలో పెట్టి, "కంపెనీమీద దావా వెయ్యండి. మేటరు వాళ్ళదే," అన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, తలకిందులుగానే పట్టుకుని, కింద పడేసి వెళ్ళిపోయారు. కోర్టుకెళ్ళలేరు, ఎవరికీ చెప్పుకోలేరు. చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి మరి. ఆ ఏడు ఆయన రోడ్డు మీద వెళ్తుంటే కాఫీ హోటలు దగ్గర ఎవరో ఒకరు "సరుకు వాపసు లేదండోయ్" అని సర్వరుని కేకేసేవారు. ఆ ఏడు లంకలో కంద, అరటి బ్రహ్మాండంగా పండాయి. మామ్మ ఒక అరటిగెల పంపించింది. మా ఆయన దాన్ని చూసి జ్వరం తగ్గిందన్నారు.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. మరుసటేడు కామందుగారు ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళారు. ఈసారి నోటీసు మా ప్రెస్సులో అచ్చవలేదు. టైపు మిషను మీద కొట్టిన పల్చటి కాగితం, సగం అక్షరాలు మసకగా, ఒకటి పైకి ఒకటి కిందికీ ఉన్నాయి. అందం అన్న మాటే లేదు. లంకవాళ్ళు మళ్ళీ మా వసారాలోకే తెచ్చారు. చదివి చెప్పాను. అందులో సబ్బులూ లేవు, కచేరీలూ లేవు. సర్వే నంబరుంది, గడువుంది, కోర్టు పేరుంది. ఎవరూ నవ్వలేదు. ఆ ముగ్గురు మగవాళ్ళలో ఇద్దరు పంట కోసుకుని వెళ్ళిపోయారు. ఒకతను కాకినాడ రేవులో కూలికి చేరాడని విన్నాను. రెండో అతని సంగతి తెలియదు.

మామ్మ కదల్లేదు. చదవడం అయ్యాక నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"ఇయ్యన్నీ ఆయన రాసినయ్యి కాదులెండి," అంది. "ఆయనైతే మర్యాదగానే రాస్తాడు."

కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. అది తేలకముందే కౌలు చట్టం వచ్చింది. మామ్మ కుటుంబం లంకలోనే ఉంది. కామందుగారు ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ మా గుమ్మం ఎక్కలేదు. వాళ్ళావిడ మాత్రం ఒకసారి వచ్చింది, మనవడి బారసాల కార్డుకి. ఒక్కర్తే వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అంది.

"తెలుగులో కొట్టండమ్మా. మా పుట్టింటోళ్ళు రావాలి."